నైరోబీ పాత హోటళ్లలో బస: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కెన్యా రాజధానిలో పేరున్న పాత హోటళ్ల గురించి వచ్చిన ప్రశ్నల్లో నలుగురికీ పనికొచ్చేవి ఏరి ఇక్కడ ఇస్తున్నాం. ఉత్తరాలు పొడుగ్గా ఉన్నచోట కుదించాం.

*ప్రశ్న: స్టాన్లీ, నార్ఫోక్ రెండూ వందేళ్లు దాటిన హోటళ్లే అంటున్నారు. పెళ్లిరోజుకి మూడు రాత్రులు ఉండాలనుకుంటున్నాం. ఏది తీసుకోమంటారు? నిజంగా ఆ పాత కట్టడంలోనే ఉంటామా?*

ముందు రెండో ప్రశ్న సంగతి చూద్దాం. పేరు పాతదే, గోడలన్నీ పాతవి కావు. స్టాన్లీ 1902లో మొదలైంది. మేయెన్స్ బెంట్ అనే ఆవిడ అప్పటి విక్టోరియా స్ట్రీట్‌లో, అంటే ఇప్పటి టామ్ ఎంబోయా స్ట్రీట్‌లో, దాన్ని పెట్టింది. అది కొన్నేళ్లకే అగ్నికి ఆహుతైంది. ఇప్పుడున్న కెన్యాట్టా అవెన్యూ చోటికి 1913లో వచ్చింది. ఆ తర్వాతా పెంచుతూ, మారుస్తూనే వచ్చారు. నార్ఫోక్‌ను 1904 క్రిస్మస్ రోజున తెరిచారు. 1980 డిసెంబరు 31 రాత్రి జరిగిన బాంబు దాడిలో అందులో పెద్ద భాగం కూలిపోతే మళ్లీ కట్టారు. కాబట్టి 1904 నాటి గదిలో పడుకుంటున్నామన్న ఊహతో వెళితే నిరాశ తప్పదు. చరిత్ర కావాలనుకుంటే వరండాలో, బార్‌లో, గోడల మీది ఫొటోల్లో వెతుక్కోవాలి.

ఇక ఎంపిక. స్టాన్లీ నడి ఊళ్లో, కెన్యాట్టా అవెన్యూ, కిమాథి స్ట్రీట్ కలిసే మూలలో ఉంటుంది. గుమ్మం దాటితే బ్యాంకులు, దుకాణాలు, మటాటూల (ఊళ్లో తిరిగే ప్రైవేటు మినీబస్సుల) హారన్లు. నార్ఫోక్ ఊరి మధ్య నుంచి కాస్త ఎడంగా, హ్యారీ థుకు రోడ్డులో, నైరోబీ విశ్వవిద్యాలయం పక్కన, నేషనల్ థియేటర్‌కు ఎదురుగా ఉంటుంది. ఎత్తు తక్కువ కట్టడాలు, మధ్యలో తోట. పగలంతా ఊళ్లో పని ఉన్నవాళ్లకు స్టాన్లీ, సఫారీకి ముందో తర్వాతో ఒళ్లు వాల్చాలనుకునేవాళ్లకు నార్ఫోక్. పెళ్లిరోజు అంటున్నారు కాబట్టి మా ఓటు తోటకే.

స్టాన్లీలో దిగకపోయినా అక్కడి థార్న్ ట్రీ కఫేలో ఒక టీ తాగి రండి. 1959లో తెరిచిన ఆ కఫే మధ్యలో ఒక తుమ్మజాతి చెట్టుంటుంది. ఫోన్లు లేని రోజుల్లో ఆఫ్రికా అంతా తిరిగే ప్రయాణికులు ఒకరికొకరు చీటీలు రాసి దానికి గుచ్చి పోయేవాళ్లు. ఇప్పుడున్నది ఆ చోట నాటిన మూడో చెట్టు. పచ్చటి బెరడున్న ఈ జాతిని 'ఫీవర్ ట్రీ' అంటారు. చిత్తడి నేలల్లో ఈ చెట్లున్నచోటే మలేరియా వస్తుండటంతో, పాపం, తొలినాళ్ల తెల్లవాళ్లు దోమను వదిలేసి చెట్టును అనుమానించారు. 1954లో పుట్టిన నైరోబీ స్టాక్ ఎక్స్‌చేంజ్ బ్రోకర్లు కూడా తొలి రోజుల్లో ఈ హోటల్లోనే కాఫీ తాగుతూ బేరాలు కుదుర్చుకునేవారు. ఇక్కడి 'ఎక్స్‌చేంజ్ బార్' పేరు అలా వచ్చిందే.

ఒక హెచ్చరిక. పాత గైడు పుస్తకాలు చూసి హోటల్ వెతక్కండి. ఊరి మధ్యలో 1969 నుంచి ఉన్న హిల్టన్ గుండ్రటి టవరు 2022 చివర్లో మూతబడింది. ఇంటర్‌కాంటినెంటల్ 2020లోనే పోయింది.

*ప్రశ్న: బుకింగ్ చేసేటప్పుడు 'డీలక్స్', 'సుపీరియర్', 'క్లబ్' అంటూ పది పేర్లు కనిపిస్తున్నాయి. తేడా ఏమిటి? డబ్బు ఎక్కువ పెడితే మంచి గది వస్తుందా?*

కొత్త హోటల్లో అయితే దాదాపు అంతే. పాత హోటల్లో ఆ లెక్క పనిచేయదు. ఒక్కో విభాగం ఒక్కో కాలంలో కట్టినది, ఒక్కోసారి బాగుచేసినది. ఒకే పేరు, ఒకే ధర ఉన్న రెండు గదుల్లో ఒకటి వీధి వైపు, ఇంకొకటి లోపలి వైపు ఉండొచ్చు. ఒకదానికి నిరుడు కొత్త బాత్‌రూము పెట్టి ఉంటారు, రెండోదానికి పదిహేనేళ్ల నాటి తొట్టె ఉంటుంది. కాబట్టి గది పేరు వదిలేసి, బుకింగ్ అయ్యాక హోటల్‌కే నేరుగా ఈమెయిల్ పెట్టి ఇవి అడగండి: గది ఏ వీధి వైపు ఉంది, ఎన్నో అంతస్తు, ఆ విభాగాన్ని చివరిసారి ఎప్పుడు బాగుచేశారు, స్నానానికి షవరు విడిగా ఉందా లేక తొట్టెలో నిలబడే చేయాలా, పక్కన లిఫ్టు గానీ సర్వీసు గది గానీ ఉందా. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే తొట్టె సంగతి మరీ ముఖ్యం. పాత తొట్టెల అంచు మోకాలి ఎత్తు ఉంటుంది, పట్టుకోడానికి కడ్డీ అన్నిచోట్లా ఉండదు.

జవాబు ఈమెయిల్‌లో వస్తే దాన్ని ఫోన్లో దాచుకుని చెక్-ఇన్ దగ్గర చూపించండి. ఫోన్లో 'అలాగేనండీ' అన్న మనిషి మీరు వెళ్లే రోజు డ్యూటీలో ఉండడు.

తాళం చేతికి రాగానే సామాను ఎక్కించనివ్వకండి. ముందు మీరు ఒట్టి చేతులతో వెళ్లి గది చూడండి. రెండు నిమిషాల పని. కిటికీ మూసి, మాట్లాడకుండా ఒక నిమిషం నిలబడితే వీధి చప్పుడు ఎంతో తెలుస్తుంది. వేడినీళ్ల కుళాయి తిప్పి లెక్కపెట్టండి. పాత భవనాల్లో బాయిలర్‌కూ గదికీ మధ్య గొట్టం చాలా పొడుగు. అందులో నిలిచిన చల్లనీళ్లన్నీ పోయాకే వేడినీళ్లు వస్తాయి, రెండు మూడు నిమిషాలు పట్టినా అది లోపం కాదు. అయిదు నిమిషాలకీ గోరువెచ్చగానే ఉంటే మాత్రం గది మార్చమనండి. సామాను విప్పాక అడిగితే వాళ్లకీ కష్టం, మీకూ కష్టం.

ఏసీ లేదని గొడవ పడకండి. నైరోబీ భూమధ్యరేఖకు పక్కనే ఉన్నా సముద్రమట్టానికి సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆకాశం మబ్బు పట్టి, తెల్లవారుజామున 12 డిగ్రీల దాకా దిగుతుంది. అప్పుడు అడగాల్సింది హీటరు, ఇంకో రగ్గు.

*ప్రశ్న: అక్కడ ఉద్యోగం చేస్తున్న మా బంధువు తక్కువ ధరకు గది బుక్ చేశాడు. రిసెప్షన్‌లో మా పాస్‌పోర్టులు చూసి రోజుకు ఇంత అని అదనంగా కట్టించుకున్నారు. ఇది మోసం కాదా?*

మోసం కాదు, అక్కడి పద్ధతి. కెన్యాలో చాలా హోటళ్లకు రెండు మూడు ధరల పట్టికలుంటాయి: దేశ పౌరులకు ఒకటి, తూర్పు ఆఫ్రికాలో నివాస అనుమతి ఉన్నవాళ్లకు ఒకటి, బయటివాళ్లకు ఒకటి. జాతీయ పార్కుల టిక్కెట్లూ ఇంతే. ధర వర్తించేది గదిలో దిగేవాళ్లను బట్టి, బుక్ చేసినవాళ్లను బట్టి కాదు. మీ బంధువు తన నివాస ధరకు చేశాడు, దిగింది మీరు. చెక్-ఇన్‌లో నివాస కార్డు అడుగుతారు, లేకపోతే తేడా వసూలు చేస్తారు. కిందటి రోజే హోటల్‌కు ఫోన్ చేసి 'అతిథులు విదేశీయులు, ఏ ధర పడుతుంది' అని అడిగి ఉంటే రిసెప్షన్‌లో నిలబడి వాదించే పని తప్పేది.

ఇదే సందర్భంలో బిల్లు గురించి వచ్చిన మిగతా ప్రశ్నలకూ జవాబు చెబుతాం. ధరకు పన్ను కలిపారో లేదో చూడకుండా రెండు హోటళ్లను పోల్చకండి. గది ధర మీద 16 శాతం వ్యాట్, 2 శాతం పర్యాటక సుంకం పడతాయి. పన్ను లేకుండా 20,000 షిల్లింగులు అన్న గదికి వ్యాట్ 3,200, సుంకం 400, వెరసి 23,600. కొన్నిచోట్ల దీనిపైన సర్వీస్ చార్జి కూడా వేస్తారు. అది బిల్లులో ఉంటే భోజనం దగ్గర మళ్లీ పెద్ద బక్షీసు ఇవ్వక్కర్లేదు. (అక్కడి స్వాహిలీ భాషలోనూ దాన్ని 'బక్షీషీ' అనే అంటారు.) సామాను మోసిన మనిషికి మాత్రం 100 నుంచి 200 షిల్లింగులు చేతిలో పెట్టడం మర్యాద. 50, 100, 200 నోట్లు విడిగా దాచుకోండి. వెయ్యి నోటు పట్టుకుని చిల్లర అడిగితే ఇద్దరికీ ఇబ్బందే.

డిపాజిట్ దగ్గర ఇంకో చిక్కుంది. చెక్-ఇన్‌లో కార్డు గీకి, గది అద్దెతో పాటు రోజుకు కొంత చొప్పున సొమ్ము 'పట్టి' ఉంచుతారు. అది ఖర్చు కాదు, నిలుపుదల. క్రెడిట్ కార్డు అయితే పరిమితిలో కొంత తగ్గుతుందంతే. డెబిట్ కార్డు ఇస్తే మీ ఖాతాలోంచి నిజంగానే ఆ డబ్బు కదలకుండా ఆగిపోతుంది, వెళ్లేటప్పుడు హోటల్ వదిలేసినా బ్యాంకులో విడుదల కావడానికి వారం రెండు వారాలు పట్టొచ్చు. సఫారీ మధ్యలో చేతిలో డబ్బు లేదని వాపోయేవాళ్లలో చాలామంది చేసిన పొరపాటు ఇదే. పాత హోటళ్ల రిసెప్షన్‌లో క్రెడిట్ కార్డు, బజారులో డెబిట్ కార్డు వాడండి. మెషీన్ 'మీ దేశపు కరెన్సీలో కడతారా, షిల్లింగుల్లోనా' అని అడిగితే షిల్లింగులే నొక్కండి. మొదటిది నొక్కితే మారకపు రేటులో మెషీన్‌వాళ్ల లాభం కలిసి వస్తుంది.

*ప్రశ్న: మా విమానం తెల్లవారుజామున 5 గంటలకు దిగుతుంది. చెక్-ఇన్ మధ్యాహ్నం 2కి అంటున్నారు. ఏం చేయాలి?*

రెండు దారులున్నాయి. లాబీలో సామాను అప్పగించి, ముఖం కడుక్కుని, డబ్బు కట్టి టిఫిను చేసి, గది ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడు ఎక్కడం ఒకటి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ముందు రాత్రికి కూడా గది తీసుకోవడం రెండోది. రెండోదాంట్లో ఒక గొయ్యి ఉంది, చూసి నడవండి. 10వ తేదీ ఉదయం దిగేవాళ్లు 9వ తేదీకి బుక్ చేస్తారు. 9న రాత్రి ఎవరూ రాలేదని హోటల్ కంప్యూటరు మిమ్మల్ని 'రాని అతిథి' కింద కొట్టేస్తుంది, దాంతో మిగతా రాత్రులు కూడా రద్దయిపోతాయి. అందుకే విమానం నంబరు, దిగే టైముతో 'మేం 10వ తేదీ ఉదయం వస్తాం, గది 9 రాత్రి నుంచి మాకోసం ఉంచండి' అని రాసి, జవాబు తెప్పించుకోండి.

ఊళ్లోకి రావడానికి జోమో కెన్యాట్టా విమానాశ్రయం నుంచి 2022లో తెరిచిన ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. పైవంతెన మీద పోతే ట్రాఫిక్ తగలదు, నార్ఫోక్‌కు మ్యూజియం హిల్ దగ్గర దిగాలి. యాప్ టాక్సీ చూపించే ధరలో టోలు ఉండకపోవచ్చు, అది అదనం. కింది రోడ్డున పోవాలా, పైదాన్నా అని డ్రైవరు అడిగితే అర్థం అది. హోటల్ గేటు దగ్గర కారు కింద అద్దం పెట్టి చూస్తారు, సామాను స్కానర్‌లో పెడతారు. అదీ లెక్కలో వేసుకోండి.

ప్రవేశానికి వీసా కాదు, 2024 జనవరి నుంచి ఈటీఏ, అంటే ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకునే ప్రయాణ అనుమతి. పిల్లలకూ విడిగా తీసుకోవాలి. దరఖాస్తులో బస రుజువు అడుగుతారు, హోటల్ పంపిన బుకింగ్ పత్రంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ముందూ వెనకా అవడం మనవాళ్ల దరఖాస్తుల్లో మామూలు తప్పు. మూడు రోజుల్లో ఇస్తామంటారు, మీరు రెండు వారాలు ముందే పెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో భారత్‌లో దిగేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు. టీకా వేయించిన పది రోజులకు గానీ అది చెల్లదు, పత్రం లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటీన్‌లో ఉంచొచ్చు.

*ప్రశ్న: మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. అయిదు నక్షత్రాల హోటల్లో పస్తులుండాల్సి వస్తుందా?*

రాదు. నైరోబీలో గుజరాతీ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. చపాతీ, బజియా, సంబుసా, చాయ్ స్వాహిలీ మాటలైపోయాయి. అయితే 'వెజిటేరియన్' అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. గుడ్డు, మాంసపు రసం, చేప వద్దని విడివిడిగా చెప్పాలి. బఫేలో కెన్యా వంటల మూల ఉంటే అక్కడికి వెళ్లండి. 'డెంగు' అంటే మన పెసలే, ఉల్లి, టొమాటోతో కూరలా వండుతారు, చపాతీతో అద్భుతంగా ఉంటుంది. 'గితేరి' మొక్కజొన్న గింజలు, చిక్కుడు గింజలు కలిపి ఉడికించింది. 'ఉగాలి' తెల్ల జొన్నపిండితో చేసిన సంగటి అనుకుంటారు చూడగానే. జొన్న కాదు, మొక్కజొన్న పిండి. దాని పక్కన పెట్టే ఆకుకూర 'సుకుమా వికి'. అది, గితేరి రెండూ కొన్నిసార్లు గొడ్డు మాంసం ముక్కలతో వండుతారు కనుక వడ్డించుకునే ముందు అడగండి. దోసె, ఆమ్లెట్ ఒకే పెనం మీద పోస్తుంటే వేరే పెనం అడగడానికి మొహమాటపడొద్దు. పెద్ద వంటిళ్లలో అది రోజూ వినే కోరికే.

*ప్రశ్న: మధ్యలో రెండు రాత్రులు మసాయి మారా అభయారణ్యానికి విమానంలో వెళుతున్నాం. పెద్ద సూట్‌కేసులు ఏం చేయాలి?*

హోటల్లోనే వదిలి వెళ్లండి. విల్సన్ విమానాశ్రయం నుంచి ఎగిరే చిన్న విమానాల్లో మనిషికి మామూలుగా 15 కిలోలే, చేతిసంచితో కలిపి. పైగా మెత్తటి సంచి కావాలి, గట్టి పెట్టెలు వాటి సామాను అరలో పట్టవు. తిరిగి వచ్చి అదే హోటల్లో దిగేవాళ్ల పెట్టెలు కన్సీర్జ్ (లాబీలో అతిథుల పనులు చూసిపెట్టే ఉద్యోగి) దగ్గర ఉంచుకుంటారు. తాళం వేయండి, ప్రతి పెట్టెకూ చీటీ కట్టించి సగం మీరు తీసుకోండి, తిరిగొచ్చే తేదీ దాని మీద రాయించండి. నగలు, పాస్‌పోర్టు అందులో పెట్టకండి. విల్సన్ ఊరి మధ్య నుంచి ఆరు కిలోమీటర్ల లోపే, లాంగాటా రోడ్డు మీద. పొద్దున్నే ట్రాఫిక్‌లో ఆ కొద్ది దూరానికే గంట పట్టొచ్చు.

మొంబాసా రైలు ఎక్కేవాళ్లకు: ఊళ్లో ఉన్న పాత స్టేషన్ కాదు, సియోకిమావు దగ్గరి టెర్మినస్‌కు వెళ్లాలి. స్టాన్లీ నుంచి నడిచి పోదామనుకున్నవాళ్లు రైలు తప్పిపోయినట్టే.

*చిన్న ప్రశ్నలు*

ప్లగ్గు? చదరపు మూడు కాళ్లది, బ్రిటన్‌లో వాడేదే. కరెంటు 240 వోల్టులు, 50 హెర్ట్జ్ కాబట్టి అడాప్టరు చాలు, కన్వర్టరు వద్దు.

గదిలో కెటిల్‌తో టీ పెడితే రంగు దిగట్లేదు? ఆ ఎత్తులో నీళ్లు సుమారు 94 డిగ్రీలకే మరుగుతాయి. కెటిల్ తప్పేమీ లేదు, టీ సంచి ఇంకో రెండు నిమిషాలు నాననివ్వండి. తాగడానికి మాత్రం సీసా నీళ్లే, కుళాయి నీళ్లు వద్దు.

ప్లాస్టిక్ సంచులు? 2017 ఆగస్టు 28 నుంచి నిషేధం. మురికి బట్టలకు, చెప్పులకు గుడ్డ సంచులు సర్దుకోండి.

పాత వెయ్యి షిల్లింగుల నోటు ఇచ్చారు? 2019 సెప్టెంబరు 30తో అవి చెల్లవు. తీసుకోవద్దు.

రాత్రి పక్క వీధి హోటల్‌కు నడిచి వెళ్లొచ్చా? అర కిలోమీటరు అయినా కారు పిలిపించండి. పగలు నడిచినా ఫోను చేతిలో ఊపుకుంటూ పోవద్దు. ఊరి మధ్యలో నిరసన ప్రదర్శనలు ప్రకటించిన రోజున ఉదయమే రోడ్లు మూసేస్తారు. ఆ రోజు విమానం ఉంటే ముందు రోజే కన్సీర్జ్‌ను అడిగి బయల్దేరే టైము మార్చుకోండి.

*చివరి ప్రశ్న: హోటల్ బయట మాట్లాడుకున్న డ్రైవరు 'సా కుమి నా మోజా' అన్నాడు. పదకొండు అని అర్థం చేసుకుని పడుకున్నాం. తెల్లవారుజామున 5కి ఫోన్ మోగింది. ఏమైంది?*

అతను చెప్పింది సరైన టైమే. స్వాహిలీలో గంటల లెక్క పగలు సూర్యోదయం నుంచి, రాత్రి సూర్యాస్తమయం నుంచి మొదలవుతుంది, మన పంచాంగంలో సూర్యోదయాది ఘడియలు లెక్కపెట్టినట్టు. ఉదయం 7 గంటలు వాళ్లకు 'సా మోజా', అంటే ఒకటో గంట. 8 'సా మ్బిలి', రెండో గంట. మీరు విన్న పదకొండో గంట తెల్లవారుజామున అయితే 5. ఇంగ్లిషులో 'సెవెన్' అంటే ఏడే, 'సా' అని మొదలుపెడితే మాత్రం ఆరు గంటలు కలపాలి లేదా తీసెయ్యాలి. నోటితో చెప్పించుకోవడం మాని, ఫోను గడియారంలో ముల్లు చూపించి 'ఇదేనా' అని అడగండి.